జాంబవంతుడు చెప్పిన 90: వర్కౌట్ కిక్ తగ్గిపోతే ఏం చేయాలి?



ఈ వారం వీడియోలో కిష్కింధకాండ చివరి ఘట్టం చెప్పుకున్నాం. సీతమ్మ లంకలో ఉందని సంపాతి చెప్పాడు. వానరులంతా సముద్రం ఒడ్డున కూలబడ్డారు. నూరు యోజనాలు ఎవరు దూకుతారు? వీడియోలో టైమ్ తక్కువ కాబట్టి అక్కడి నుంచి నేరుగా హనుమంతుడి దగ్గరికి వెళ్లిపోయాం. కానీ ఆ మధ్యలో ఒక నంబర్ ఉంది, 90. ఈ పోస్ట్ మొత్తం ఆ 90 గురించే.

దానికీ జిమ్‌కీ ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. ముందు జిమ్ సంగతి మాట్లాడుకుని, తర్వాత సముద్రం ఒడ్డుకి వద్దాం.

ఆ కిక్ ఎక్కడికి పోయింది?

వర్కౌట్ అయ్యాక వచ్చే ఆ ఫీలింగ్ మీకు తెలుసు కదా. బీటెక్ రోజుల్లో హాస్టల్ గ్రౌండ్‌లో రౌండ్లు కొట్టి వస్తే, చెమట ఆరేలోపే ఒళ్లంతా దూదిలా తేలికైపోయేది. మెస్‌లో పెట్టే చల్లారిన ఉప్మా కూడా అమృతంలా ఉండేది. మర్నాడు ఎగ్జామ్ ఉన్నా సరే, ప్రపంచాన్ని గెలిచినట్టే ఉండేది.

నాకిప్పుడు 29. అదే దూరం పరిగెత్తుతున్నా. ఇంటికొచ్చి షూ విప్పుతా, మోకాలు కాస్త పట్టేసినట్టుంటుంది, టీ తాగి లాగిన్ అవుతా. అంతే. బాధేం లేదు, అలాగని ఆ పాత సంబరమూ లేదు.

నా వయసు ఫ్రెండ్స్‌లో చాలామంది ఇదే మాట అంటున్నారు. "చేస్తున్నాం రా, కానీ మునుపటిలా అనిపించట్లేదు." ఇక్కడి నుంచి సాధారణంగా రెండు దారులు. ఒకటి, ఆ కిక్ వెంటపడటం. డబుల్ స్కూప్ ప్రీ-వర్కౌట్, బార్ మీద మోయలేనంత బరువు, చివరికి నడుం పట్టేసి ఫిజియోథెరపీ. రెండోది, మానేయడం. "ఏమీ అనిపించనప్పుడు ఎందుకు చేయాలి?" అని. యాన్యువల్ మెంబర్‌షిప్ మార్చికల్లా ముగిసిపోతుంది, కార్డు మాత్రం డిసెంబర్ దాకా పర్సులో ఉంటుంది.

మూడో దారి ఒకటి ఉంది. అది చూపించినవాడే జాంబవంతుడు.

"ఆనందం" అని పేరున్న అణువు

ముందు సైన్స్ ఏమంటుందో చూద్దాం. ఈ కిక్‌కి ఎండార్ఫిన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు. అయితే రక్తంలో తిరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి తేలిగ్గా దాటలేవు. అందుకే పరిశోధకుల చూపు మన శరీరమే తయారుచేసుకునే ఎండోకన్నాబినాయిడ్లు అనే పదార్థాల మీదికి మళ్లింది. అవి మెదడులోకి సులువుగా వెళ్తాయి, ఓ మోస్తరు వేగంతో పరిగెత్తినా పెరుగుతాయి.

వాటిలో ఒకదాన్ని 1992లో జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో, రాఫెల్ మెషూలం ల్యాబ్‌లో గుర్తించారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన సంస్కృత "ఆనందం" నుంచే తీసుకున్నారు!

ఇప్పుడు అసలు విషయం. ఈ ఆనందమైడ్ ఎక్కువసేపు నిలవదు. దాన్ని విడగొట్టే ఎంజైమ్ కూడా మన శరీరంలోనే సిద్ధంగా ఉంటుంది, త్వరత్వరగా తుడిచేస్తుంది. పేరు ఆనందమే, ఆయుష్షు మాత్రం తక్కువ.

ఏళ్లు గడిచేకొద్దీ కిక్ ఎందుకు తగ్గినట్టు అనిపిస్తుంది? అందరికీ ఒకే కారణం ఉండదు. ఒకటి, అలవాటు. మొదట్లో శరీరానికి పెద్ద సవాలుగా అనిపించిన ఐదు కిలోమీటర్లు ఇప్పుడు మామూలు పని. ఇంకోటి, వయసు. గుండె గరిష్ఠ వేగానికి జిమ్‌లో వాడే ఉజ్జాయింపు లెక్క తెలుసు కదా, 220లోంచి వయసు తీసేయడం. 20 ఏళ్లకి 200, 30 ఏళ్లకి 190. అలసట తీరడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. పైగా రాత్రి డిప్లాయ్‌మెంట్లు, ఐదు గంటల నిద్ర, పొద్దున్నే స్టాండప్ కాల్.

కానీ గుర్తుపెట్టుకోండి. బీపీ, షుగర్, ఎముకలు, కండరాలు, నిద్ర... వీటికి వ్యాయామం చేసే మేలు మీకు కిక్ వచ్చిందా లేదా అని అడిగి జరగదు. మన భాషలో చెప్పాలంటే నోటిఫికేషన్ రావడం ఆగింది, జాబ్ మాత్రం బ్యాక్‌గ్రౌండ్‌లో రన్ అవుతూనే ఉంది.

ఉపనిషత్తు కొలత మొదలుపెట్టిన చోటు

"ఒంటి సుఖం గురించి ఇంత ఆలోచన ఎందుకు, ఇదంతా మాయ కదా" అని కొందరు అంటారు. తైత్తిరీయోపనిషత్తు అలా కొట్టిపారేయలేదు. అందులో ఆనందవల్లి అనే భాగం ఉంది. అక్కడ ఋషి ఆనందాన్ని కొలవడానికి కూర్చున్నాడు. కొలవాలంటే ఒక యూనిట్ కావాలి కదా? ఆయన తీసుకున్న యూనిట్ ఎవరో తెలుసా? ఒక యువకుడు. మంచివాడు, చదువుకున్నవాడు, చురుకైనవాడు, దృఢమైనవాడు, మంచి బలం ఉన్నవాడు. సంపదతో నిండిన భూమి అంతా అతనిదే. ఆ కుర్రాడి ఆనందం ఒక యూనిట్.

అంటే జిమ్ నుంచి బయటికొచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడి సంబరాన్ని వేదం చిన్నచూపు చూడలేదు. లెక్క అక్కడే మొదలుపెట్టింది. అయితే అక్కడ ఆగలేదు. దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వుల ఆనందం, దానికి నూరు రెట్లు దేవ గంధర్వులది. అలా పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి మీదుగా బ్రహ్మానందం దాకా పది మెట్లు. ప్రతి మెట్టుకీ ఇంటూ 100. లెక్కేస్తే ఒకటి పక్కన 20 సున్నాలు!

ఇక్కడ ఒక విశేషం ఉంది. రెండో మెట్టు నుంచి ప్రతిచోటా ఋషి ఒక మాట కలుపుతూ వెళ్తాడు. వేదం తెలిసి, కోరిక దెబ్బ తగలనివాడికి కూడా ఇదే ఆనందం అందుతుందని దాని భావం. మొదటి మెట్టు దగ్గర మాత్రం ఆ మాట లేదు. మొదటి మెట్టుకి యవ్వనం కావాలి, బలం కావాలి, సంపద కావాలి. పై మెట్లకి కావాల్సింది కోరిక తగ్గడం. అది 29కీ అందుతుంది, 69కీ అందుతుంది.

కాబట్టి కిక్ తగ్గితే ఆనందం అయిపోయిందని కాదు. కొలబద్ద మీద మొదటి గీత దాటే టైమ్ వచ్చిందని.

ఇప్పుడు సముద్రం ఒడ్డుకి

అంగదుడు అడిగాడు, ఎవరెవరు ఎంత దూకగలరని. ఒక్కొక్కరూ లేచి చెబుతున్నారు. ఒకరు 10 యోజనాలు, ఇంకొకరు 20, మరొకరు 30... సుషేణుడు 80 అన్నాడు. తర్వాత జాంబవంతుడి వంతు.

ఈయన ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. బలి చక్రవర్తి యజ్ఞంలో వామనుడు త్రివిక్రముడై మూడు లోకాలూ నిండినప్పుడు, ఆ విరాట్ రూపానికి ప్రదక్షిణం చేసినవాడు. ఆ రోజుల్లో నూరు యోజనాలు ఆయనకి ఒక లెక్కా? ఆ సంగతి ఆయనే చెప్పాడు. చెప్పి, ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, 90 యోజనాలు వెళ్లగలను, కానీ దాంతో పని జరగదు అన్నాడు.

కాసేపు ఇక్కడ ఆగుదాం. ఆయన అబద్ధం చెప్పొచ్చు. "నూరు ఎంత, చూడండి" అని దూకి తొంభై దగ్గర నీళ్లలో పడొచ్చు. ఈగో లిఫ్టింగ్ అంటే ఇదేగా! లేదంటే "నా రోజులు అయిపోయాయి, మీరే చూసుకోండి" అని మూలన కూర్చోవచ్చు. మానేయడం అంటే అది. ఆయన ఈ రెండూ చేయలేదు. ఉన్న నంబర్ ఉన్నట్టు చెప్పాడు. నూరుకి 90. సిగ్గు లేదు, గొప్ప లేదు, ఏడుపు లేదు.

తర్వాత అంగదుడు, నూరు దూకగలను గానీ తిరిగి రాగలనో లేదో అన్నాడు. నువ్వు మా నాయకుడివి, నిన్ను పంపకూడదు అని ఆయన్ని ఆపిందీ జాంబవంతుడే. ఆపి, అటు పక్కన ఏమీ మాట్లాడకుండా ఒంటరిగా కూర్చున్న ఒక కుర్రాడి వైపు చూశాడు. దగ్గరికి వెళ్లి, నువ్వు వాయుపుత్రుడివి, పసివాడిగా ఉన్నప్పుడే సూర్యుణ్ణి పండు అనుకుని ఎగిరినవాడివి, లే అన్నాడు. హనుమంతుడు లేచాడు, పెరిగాడు, మహేంద్రగిరి ఎక్కాడు. ఆ తర్వాతది సుందరకాండ.

ఆలోచించండి. మనం ఇంత ఇష్టంగా పారాయణ చేసే సుందరకాండకి స్టార్ట్ బటన్ నొక్కింది ఎవరు? దూకలేనని నిజాయితీగా ఒప్పుకున్న ఒక పెద్దాయన.

యుద్ధకాండలో ఆయన మళ్లీ కనిపిస్తాడు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రం వేశాడు, రామలక్ష్మణులతో సహా సైన్యమంతా పడిపోయింది. జాంబవంతుడి ఒంటినిండా బాణాలు, కళ్లు కూడా కనిపించట్లేదు. విభీషణుడు వెతుక్కుంటూ వస్తే గొంతును బట్టి గుర్తుపట్టాడు. మొదట అడిగిన ప్రశ్న ఏంటి? హనుమంతుడు బతికే ఉన్నాడా అని. విభీషణుడికి ఆశ్చర్యం వేసింది, రాముడి గురించి అడగకుండా హనుమంతుడి గురించి అడుగుతున్నారేంటని. హనుమ ఉంటే చచ్చిన సైన్యం కూడా బతికినట్టే, హనుమ లేకపోతే బతికున్నవాళ్లం కూడా చచ్చినట్టే అని ఆయన భావం. ఓషధుల పర్వతం ఎక్కడుందో హనుమకి చెప్పిందీ ఆయనే.

బలం తగ్గింది. పని తగ్గిందా? లేదు. పని మారింది.

మూడు రకాల సుఖం

భగవద్గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు సుఖాన్ని మూడుగా విడదీశాడు. మొదట విషంలా ఉండి చివరికి అమృతమయ్యేది సాత్వికం. మొదట అమృతంలా ఉండి చివరికి విషమయ్యేది రాజసం. మొదలూ చివరా మత్తులోనే ఉంచే నిద్ర, బద్ధకం, ఏమరుపాటుల సుఖం తామసం.

వ్యాయామం మొదట చేదుగానే ఉంటుంది కాబట్టి మనది సాత్వికమే అనుకుంటాం. కానీ చూసుకోవాల్సింది మన మనసు దేనికోసం వెళ్తోందని. కిక్ కోసమే వెళ్తుంటే, జిమ్ అయినా అది రాజస సుఖమే. రాజసం ఆగిపోగానే మనిషి సాత్వికంలోకి ఎక్కడు, చాలాసార్లు నేరుగా తామసంలోకి జారుతాడు. ట్రెడ్‌మిల్ నుంచి తిన్నగా సోఫా, చేతిలో ఫోన్, అర్ధరాత్రి బిర్యానీ. అందుకే ఈ కిక్ తగ్గే వయసు చాలా ముఖ్యమైన వయసు. పెళ్లి, ఈఎంఐలు, పెద్దవాళ్ల మందులు అన్నీ ఒకేసారి మీదపడే వయసు కూడా ఇదే. శరీరాన్ని వదిలేయడానికి కారణాలు ఎక్కువ దొరికేదీ ఇప్పుడే, శరీరం ఎక్కువ అవసరమయ్యేదీ ఇప్పుడే.

పూజలో కూడా అంతే ఫ్రెండ్స్. మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు 41 రోజులూ గాల్లో తేలినట్టుంటుంది. నాలుగోసారికి చన్నీళ్ల స్నానం చన్నీళ్ల స్నానంలాగే ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు కళ్లు చెమర్చిన హనుమాన్ చాలీసా, రెండేళ్ల తర్వాత బైక్ మీద వెళ్తూ పెదాల మీద నడిచిపోతుంది. అప్పుడు చాలామంది "నాలో భక్తి తగ్గిపోయిందేమో" అని భయపడతారు.

మా అమ్మ రోజూ పొద్దున ఐదున్నరకి దీపం పెడుతుంది. జ్వరమొచ్చినా, ఊరెళ్లినా. ఒకసారి అడిగాను, "అమ్మా, ఇన్నేళ్లుగా పెడుతున్నావు కదా, పెట్టినప్పుడు నీకు ఏమనిపిస్తుంది?" అని. అమ్మ వత్తి సర్దుతూ అంది, "ఏమనిపించాలిరా? దీపం పెట్టాలి, పెట్టాను." కాస్త ఆగి, "పెట్టకపోతే మాత్రం ఇల్లంతా ఏదోలా ఉంటుంది" అంది.

గీత మీద ఎన్ని ప్రవచనాలు విన్నా, ఫలం మీద దృష్టి పెట్టకుండా పని చేయడం అంటే ఏంటో నాకు అంత సూటిగా అర్థమైంది లేదు.

అలిపిరి నడకదారిలో కూడా దీన్ని చూడొచ్చు. మొత్తం 3550 మెట్లు. కుర్రాళ్లు స్మార్ట్‌వాచ్‌లో టైమ్ పెట్టుకుని పరిగెత్తుతూ ఎక్కుతారు, తప్పేం లేదు. వాళ్ల పక్కనే ఎవరో ఒకావిడ ప్రతి మెట్టుకీ వంగి పసుపు, కుంకుమ పెడుతూ వెళ్తుంటుంది. అన్ని మెట్లకీ వంగి లేవడం అంటే ఎన్ని రెప్స్ అయ్యాయో లెక్కేయండి! ఆవిడకి టైమర్ లేదు, స్టోరీ లేదు. మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసపడుతుంది, కూర్చుంటుంది, గోవిందా అని మళ్లీ లేస్తుంది. పైకి చేరేది ఆవిడా చేరుతుంది.

ఈ వారం మనం చేయాల్సినవి

ప్రవచనం విని వదిలేస్తే లాభం లేదు కాబట్టి, జాంబవంతుడి దగ్గర నుంచి నాలుగు పనులు తీసుకుందాం.

ఒకటి, మీ 90 ఎంతో చెప్పండి. కాలేజీలో ఎత్తిన బరువు కాదు, ఈ రోజు మంచి ఫామ్‌తో ఎత్తగలిగినది. దాన్ని డైరీలో రాసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పని. ఇందులో కిక్ ఎంత రావాలని ఎక్కడా లేదు.

రెండు, మొదలుపెట్టే ముందు సంకల్పం చెప్పుకోండి. పూజకి చెప్పుకుంటాం కదా, అలాగే. "ఈ ఒళ్లు ఎవరికి ఉపయోగపడాలి?" అని ఒక్క నిమిషం. నాన్నని హాస్పిటల్‌లో మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టాల్సి వస్తే నా నడుం సహకరించాలి. అమ్మని అలిపిరి మెట్లు ఎక్కిస్తూ బ్యాగ్ నేనే మోయాలి. ఇలాంటి కారణం ఉంటే, కిక్ రాని రోజు కూడా షూ వేసుకుంటాం.

మూడు, ఒక హనుమంతుణ్ణి వెతకండి. ప్రతి ఆఫీసులో, ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒక మూల మౌనంగా కూర్చున్న కుర్రాడు ఒకడు ఉంటాడు. కొత్తగా జాయిన్ అయినవాడు, ఊరు వదిలి వచ్చినవాడు, పీజీ రూమ్‌లో ఒంటరిగా ఉన్నవాడు. "రేపు పొద్దున ఆరింటికి వాకింగ్‌కి రా తమ్ముడూ" అనండి. మొదటి వారం అయ్యాక వాడి మొహంలో ఆ వెలుగు చూస్తారు చూడండి, మీకు రావట్లేదనుకున్న ఆనందం అక్కడ కనిపిస్తుంది.

నాలుగు, తేడా తెలుసుకోండి. వ్యాయామంలోనే కాదు, తినడంలో, ఇష్టమైన పాటలో, మనుషుల్లో, దేనిలోనూ వారాల తరబడి సంతోషం లేకపోతే, ఎప్పుడూ నీరసంగా ఉంటే, అది ఈ పోస్ట్‌లో చెప్పే విషయం కాదు. డాక్టర్‌ని కలవండి. థైరాయిడ్, బి12, విటమిన్ డి, రక్తహీనత లాంటివి టెస్టులో తెలుస్తాయి. మనసుకి కష్టంగా ఉంటే దానికీ డాక్టర్లున్నారు. వ్యాయామం చేస్తుంటే గుండెల్లో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడే ఆపేసి వెంటనే చూపించుకోవాలి. హనుమ కూడా లక్ష్మణుడి కోసం ఓషధి తెచ్చాడు, "భక్తి ఉంటే చాలు" అని ఊరుకోలేదు.

కిక్ అనేది ప్రసాదం లాంటిది. గుడికి వెళ్తే పులిహోర పెడతారు, సంతోషంగా తింటాం. ఒకరోజు మన వంతు వచ్చేసరికి అయిపోయింది. అంతమాత్రాన దర్శనం జరగనట్టా? ఇరవైల్లో భగవంతుడు దొన్నె నిండా పెట్టి అలవాటు చేశాడు. ఇప్పుడు అది లేకుండా కూడా వస్తావా అని చూస్తున్నాడు. వెళ్దాం. వెళ్లేటప్పుడు పక్కన ఇంకొకరిని తీసుకెళ్దాం.

వచ్చే వీడియోలో సుందరకాండ మొదటి ఘట్టం, సముద్రం మధ్యలో మైనాకుడు విశ్రాంతి తీసుకోమంటే హనుమ ఏం చేశాడో చెప్పుకుందాం. ఈలోపు మీ 90 రాసుకుని ఉంచండి.

అందరికీ ఆ అంజనీసుతుడు ఆయురారోగ్యాలు ఇవ్వాలని కోరుకుంటూ...

జై శ్రీరామ్. జై హనుమాన్.